ఎండ వ్రాసిన నాచుపుస్తకము

చిత్రకారుడు తాను చూచినదానిని వ్రాయును. ఒక్కొక్కచో చూడదలచినదానిని గూడ వ్రాయును. ఆకు నీడకు అట్టి స్వాతంత్ర్యము లేదు. ఆ నీడను కాగితముపై నిలిపి గ్రంథముగా కూర్చిన యొక ఆంగ్లవనితను గూర్చి సోదరీమణులకు చెప్పవలెనని నాకు చాలకాలమునుండి కోరిక.

ఆమె పేరు ఆనా ఆట్కిన్సు. 1799లో కెంటు సీమలోని టన్‌బ్రిడ్జియందు జన్మించెను. శిశువుగా నుండగనే తల్లి గతించినది. తండ్రి జాన్ జార్జి చిల్డ్రెను బ్రిటిష్ మ్యూజియమునందు పనిచేసిన శాస్త్రజ్ఞుడు. కుమార్తెకు తన విద్యను దాచలేదు. లమార్కు పండితుని గుల్లల గ్రంథమును ఆయన ఆంగ్లీకరింపగా, 1823లో వెలువడిన ఆ పుస్తకమునకు ఆమె 250కి మించిన చిత్రములు వ్రాసి యిచ్చెను. కావున చిత్రలేఖనము రాక నీడల నాశ్రయించినదని యెవ్వరును తలపరాదు. అతిసూక్ష్మములగు నాచుపోగులను ఉన్నవి యున్నట్లు చిత్రించుట మిక్కిలి కష్టమగుటచే ఈ పద్ధతిని గైకొంటినని ఆమెయే పీఠికలో తెలిపియున్నది.

ఆ పద్ధతిని 1842లో సర్ జాన్ హెర్షెలు కనిపెట్టెను. సయనోటైపు అని దాని పేరు. ఫెర్రిక్ అమోనియం సిట్రేటు, పొటాసియం ఫెర్రిసయనైడు అను రెండు లవణముల నీళ్లను కలిపి, వెలుతురు తక్కువగా నున్న గదిలో కాగితమునకు పూసి ఆరనిత్తురు. పైన మొక్కనుంచి, అద్దపు పలకతో అదిమి ఎండలో పెట్టుదురు. ఎండ తగిలినచోట ఇనుపలవణము మార్పుచెంది, నీట కరగని నీలవర్ణ మేర్పడును. మొక్క కప్పినచోటి మందు మంచినీట కడిగినంతనే పోయి తెల్లకాగితము మిగులును. కెమెరాతో పనిలేదు. మొక్కయే కాగితమును తాకియుండుటచే బొమ్మ మొక్కయంతే యుండును, వెండ్రుకవాసి హెచ్చుతగ్గులు లేక.

1843 అక్టోబరులో ఆమె బ్రిటిష్ నాచుల గ్రంథము మొదటిభాగము వెలువడినది. ఛాయాచిత్రములతో కూడిన తొలిపుస్తక మదియేయని పలువురి మతము. టాల్బటు దొరగారి గ్రంథము మరుసటి యేడు, 1844లో గాని ఆరంభము కాలేదు. పదేండ్లపాటు, 1853 వరకు, రమారమి 400 పలకలు సిద్ధమైనవి. ప్రతి ప్రతికిని ప్రతి పలకను చేతితోనే చేయవలెను! అక్షరములును అచ్చువి కావు. ఆమె చేవ్రాతయే నీలములో తెల్లగా దిగినది. 1852లో తండ్రి మరణింపగా బాల్యసఖి ఆన్ డిక్సను వచ్చి తోడుండెను. ఇరువురును కలిసి ఫెర్ను మొక్కల ముద్రలు చేసిరి. నాచులకు లాటినుపేర్లన్నియు పూర్తిగా వ్రాసిన ఆ చేయి, పీఠిక చివర మాత్రము ‘ఏ.ఏ.’ అని రెండక్షరములతో ఊరకుండెను. తరువాతివారు వానిని ‘అజ్ఞాత ఔత్సాహికుడు’ అను ఆంగ్లపదముల పొడియక్షరములని భ్రమించిరట! ఇది నాకు నవ్వువచ్చు సంగతిగా తోచలేదు.

మావారు బాలురకు చూపుటకై తెప్పించిన లవణములు మిగులగా పోయిన వేసవిలో మేమును చేసి చూచితిమి. పెరటి కరివేప రెమ్మ నొకదానిని పెట్టితిమి. మన మిట్టమధ్యాహ్నపు టెండకు కొన్ని నిమిషములే చాలినవి. పళ్లెములోని నీట ముంచగా పసుపురంగు జారిపోయి, నీలములో రెమ్మ తెల్లగా తేలినది. ఆకులు సరిగా ఎదురెదురుగా గాక కొంచెము ఎడమెడముగా నుండుట, పోపునకు దూయునప్పుడు చేతికి తెలియనిది, అందు కంటికి కనబడెను. పురుగు తొలిచిన రంధ్రములగుండా ఎండ దూరి ఐదారు నీలపుచుక్కలు పడినవి. మా చిన్నది పురుగును తిట్టినది. పెద్దవాడు ‘అదియు బొమ్మలో చేయి వేసినదే గదా’ యని వాదించెను. నేను పెద్దవాని పక్షము.

మందపాటి ఆకుల ఈనెలు దిగవు, పలుచనివానివి కొంత దిగును. మందు పూయుపని పెద్దలే చేయవలెను. ఆరిన కాగితమునకు సబ్బుగాని సోడాగాని తగిలిన రంగు చెడును. వెలుతురున నుండి వెలిసినచో కొన్నాళ్లు పెట్టెలో చీకటిన నుంచిన నీలము చాలవరకు తిరిగి వచ్చును.