పలకతో ఒకసారి, పెట్టెతో ఒకసారి

బాసర స్టేషన్‌లో రైలు దిగేవాళ్లను చూస్తే ఎవరెటు పోతారో ఆటోవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. చంకలో చంటిపిల్లాడు, చేతిలో కొత్త పలక ఉంటే గుడికి. ఇనుప పెట్టె, బకెట్, వెనకాల బెంగగా నడిచే అమ్మానాన్నలు ఉంటే ట్రిపుల్ ఐటీకి.

నిర్మల్ జిల్లాలో గోదావరి ఒడ్డున, మహారాష్ట్రకు కూతవేటు దూరంలో ఉన్న ఊరిది. బజారులో తెలుగు మధ్య మరాఠీ దొర్లుతుంటుంది. వ్యాసుడు రోజూ మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి అమ్మవార్లను నిలిపాడని, వ్యాసపురే బాసర అయిందని స్థలపురాణం. వసంత పంచమి నాడు అక్షరాభ్యాసాల వరుస ఎంతకీ తరగదు. ఊళ్లో అంగళ్లూ ఆ వరుసనే నమ్ముకున్నాయి: పలకలు, బలపాలు, కొబ్బరికాయలు, పసుపు.

రెండో రకం ప్రయాణికులు 2008 నుంచి మొదలయ్యారు. ఆ ఏడు నూజివీడు, ఇడుపులపాయలతో పాటు ఇక్కడా ట్రిపుల్ ఐటీ పెట్టారు. పది పాసైన పల్లె పిల్లల కోసం ఆరేళ్ల చదువు: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. సర్కారు బడిలో చదివినవాళ్లకు ప్రవేశాల్లో కొంత మొగ్గు ఉంటుంది. మీసాలు రాకముందే వచ్చిన పిల్లాడు ఇంజనీరై వెళ్తాడు. వాళ్ల భాషలో ఏళ్లకు పేర్లు పీ1, పీ2, ఆపైన ఈ1 నుంచి ఈ4 దాకా. హాస్టలు, మెస్సు, క్లాసు అన్నీ గోడ లోపలే. గేటు దాటాలంటే అనుమతి కావాలి.

అందుకే కాలేజీ ఊరంటే మనకు తోచే పుస్తకాల అంగళ్లు, అర్ధరాత్రి చాయ్ బండ్లు ఇక్కడ వెతకొద్దు. ఒక్కపూట ఉండి పోయేవాళ్ల మీద బతికే ఊరికి, ఆరేళ్లుండేవాళ్లు ఇంకా చుట్టాలే. రాష్ట్రమంతా వాళ్లవైపు చూసింది 2022 జూన్‌లో. రెగ్యులర్ వీసీ కావాలి, అధ్యాపకులు కావాలి అంటూ పిల్లలు వారం రోజులు ఎండనకా వాననకా బైఠాయించారు. పెద్ద నాయకులెవరూ ముందు లేరు. అంత క్రమశిక్షణగా సాగిన ధర్నా నేను మరొకటి చూడలేదు.

గోదావరి సంగతీ చెప్పాలి. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం ఎగువన బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై 1న లేస్తాయి, అక్టోబరు 28 దాటాక దిగుతాయి. నదికి కూడా ఇక్కడ సెమిస్టరు ఉందన్నమాట! వానాకాలంలో ఘాట్ మెట్లను తాకే నీళ్లు ఎండాకాలానికి దూరంగా జరిగి, బండలు తేల్తాయి.

దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు అక్షరాభ్యాసానికి వెళ్దామనుకుంటే రైలు టికెట్లు ముందే తీసుకోండి. సెలవులకు ఇంటి ముఖం పట్టే పిల్లలతో ప్లాట్‌ఫారం అప్పటికే నిండి ఉంటుంది.