ఏ కూర్పుతో ఆరంభించాలి?

భయపడడం ఎవరికీ ఇష్టం ఉండదు. భయపెట్టే కథ వినడం మాత్రం అందరికీ ఇష్టమే. నా చిన్నతనంలో మా నానీమా వేసవి రాత్రులలో మిద్దెపై మమ్మల్ని కూర్చోబెట్టుకుని జిన్నుల కథలు చెప్పేది. పొరుగింటి అవ్వ కొరివిదయ్యాల కథలు చెప్పేది. ఉర్దూలో విన్న భయానికీ, తెలుగులో విన్న భయానికీ మాకు భేదం తోచేది కాదు. కథ మంచి పట్టులో ఉండగా “నేనైతే ఆ తలుపు తీయను” అని మాలో ఎవరో ఒకరు అనేవారు. అలా అన్నవాని మాటను కథలోనికి స్వీకరించి, తలుపు తీయకపోతే ఏమి జరుగుతుందో చెప్పే ఆట ఒకటి లోకంలో ఉన్నదని డిగ్రీలో చేరిన తరువాత గాని నాకు తెలియలేదు.

ఆ ఆట పేరు ‘కాల్ ఆఫ్ క్తులూ’. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరానికి చెందిన రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890-1937) ఇదే పేరుతో వ్రాసిన కథ 1928లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వెలువడింది. ఆయన కథాలోకాన్ని ఆధారం చేసుకుని శాండీ పీటర్సన్ రూపొందించిన ఈ ఆటను కేయాసియం సంస్థ 1981లో ప్రచురించింది. దీనికి చదరంగం వలె పలక గాని, పావులు గాని అవసరం లేదు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు కథలోని పాత్రలై, తాము ఏమి చేయదలచినదీ మాటలలో చెబుతారు. పది ముఖాల పాచికలు రెండు వేసి, నూటికి ఎంత వచ్చిందో చూసి జయాపజయాలు తేలుస్తారు. గ్రంథాలయంలో వెదికే నేర్పు మీకు 60 ఉంటే, 60 గాని అంతకు తక్కువ గాని పడినప్పుడు కావలసిన పుస్తకం దొరుకుతుంది. ఇందులో కథానాయకులు వీరులు కారు. ఎక్కువగా 1920ల నాటి ఆచార్యులు, విలేఖరులు, పాత వస్తువులు సేకరించేవారు. తుపాకి కంటె పాత వార్తాపత్రిక వారిని ఎక్కువసార్లు కాపాడుతుంది. చూడరానిది చూసినప్పుడు వారి మనోస్థైర్యానికి గల అంకెలు తగ్గిపోతాయి. అవి తిరిగి పెరగడం కష్టం.

ఇక అసలు సమస్యకు వస్తాను. ఈ ఆటకు ఏడు కూర్పులు ఉన్నాయి. మొదటి ఆరింటి మధ్య భేదాలు స్వల్పం. 2014 నాటి ఏడవ కూర్పులో మాత్రం మార్పులు చాలా ఉన్నాయి. పాత కూర్పులలో బలం, చురుకు వంటి లక్షణాలను చాలావరకు 3 నుండి 18 వరకు గల అంకెలలో లెక్కించేవారు. రెండు శక్తులు ఢీకొన్నప్పుడు ఒక పెద్ద పట్టికలో వెదికి ఫలితం తెలుసుకునేవారు. కొత్త కూర్పులో లక్షణాలన్నీ నూటికి ఇంత అనే లెక్కలోనే ఉన్నాయి. పట్టికను తొలగించారు. కష్టమైన పనికి మన అంకెలో సగం, అతి కష్టమైన పనికి అయిదవ వంతు లెక్కిస్తారు.

మా మామూజాన్ ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళినప్పుడు కొన్న అయిదవ కూర్పు, అంటే 1992 నాటిది, నా వద్ద ఉంది. అట్టలు నలిగి, అంచులలో ఆయన చేతి వ్రాతతో నిండిన ఆ పుస్తకం ఉండగా వేరొకటి ఎందుకని నా గర్వం. “అందరూ ఏడవదే ఆడుతున్నారు కదా” అని ఒక మిత్రుడు అంటే, “మూలం చదవలేనివారికి అది” అని తోసిపుచ్చాను. నిజానికి మూలం కూడా నా వద్ద లేదు. నాది అయిదవది!

వేసవి సెలవులలో మా ఇంట నలుగురం కూర్చున్నాం. ఇద్దరు తెలుగు మాధ్యమంలో చదివినవారు. ఒకడు ఉర్దూ మాధ్యమంలో చదివి, నందికొట్కూరు నుండి బస్సులో వచ్చేవాడు. పది ముఖాల పాచికలు మా ఊరిలో దొరకలేదు. రెండు స్టీలు గ్లాసులలో 0 నుండి 9 వరకు చీటీలు వేసి, ఒకటి పదుల స్థానానికి, ఒకటి ఒకట్ల స్థానానికి తీశాం. నేను గంటసేపు నియమాలు చదివాను. తలుపు ఒకటి నెట్టవలసి వచ్చింది. పట్టిక తెరిచాను. తలుపు బలం ఎంత, మనిషి బలం ఎంత అని నేను లెక్కించేలోపు భయం ఎటో పోయింది. ఉర్దూ మాధ్యమం మిత్రుడు బస్సు వేళయిందని లేచాడు. అప్పటికి ఇంకా రెండు బస్సులున్నవి. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

మరునాడు అడిగితే అన్నాడు: “భాయ్, నాకు భయం వేసింది కథను చూసి కాదు, పుస్తకాన్ని చూసి. నా వల్ల మీ ఆట ఆగిపోతున్నది.”

ఆ మాట నన్ను చాలా రోజులు బాధించింది. ఇంగ్లీషు రాదని తరగతిలో వెనుక బల్లపై కూర్చునేవాణ్ణి, ఆటలో కూడా వెనుక బల్లపైకి పంపినవాణ్ణి నేనే. పుస్తకం ఎంత పాతదో చూసుకున్నాను గాని, ఎదుట ఎవరు కూర్చున్నారో చూడలేదు.

ఆ తరువాత, ప్రచురణకర్తలు ఉచితంగా అందించే ఏడవ కూర్పు సంక్షిప్త నియమావళిని సంపాదించాను. అందులో ‘ది హాంటింగ్’ అనే కథ ఉంది. బోస్టన్ నగరంలో ఎవరూ కాపురం నిలవని ఒక ఇంటి మర్మం తెలుసుకోమని ఇంటి యజమాని కోరడంతో అది మొదలవుతుంది. 1981 నాటి మొదటి పెట్టెలో ఉన్నదీ ఆ ఇల్లే! కూర్పులు మారినా ఇల్లు మారలేదు. ముఖ్యమైన నియమాలు ఒకే కాగితంపై తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి అందరికీ ఇచ్చాను. మిత్రుణ్ణి మళ్ళీ పిలిచాను. సంకోచిస్తూనే వచ్చాడు.

కొత్త కూర్పులో ఒక నియమం ఉంది. ఒకసారి తప్పిన ప్రయత్నాన్ని, తగిన కారణం చెప్పి, రెండవసారి చేయవచ్చు. కాని ఈసారి కూడా తప్పితే ఫలితం మరింత దారుణంగా ఉంటుంది. మిత్రుడు వెంటనే “సప్లిమెంటరీ పరీక్ష!” అన్నాడు. అందరం నవ్వాం. ఆ రాత్రి అతడే అందరికంటె ముందు మెట్లు దిగి నేలమాళిగలోనికి వెళ్ళాడు. చివరి బస్సు వెళ్ళిపోయిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మా ఇంటనే పడుకున్నాడు.

మరొక విశేషం. లవ్‌క్రాఫ్ట్ కల్పించిన ‘నెక్రోనామికాన్’ అనే గ్రంథానికి కర్త యెమెన్ దేశపు పిచ్చి అరబ్బు, పేరు ‘అబ్దుల్ అల్‌హజ్రెడ్’. మిత్రుడు మదరసాలో అరబీ చదివినవాడు. “అబ్దుల్‌లోనే ఒక ‘అల్’ ఉన్నది కదా, మళ్ళీ ‘అల్’ ఎందుకు? ఇది అరబ్బు పేరు కాదు” అన్నాడు. లవ్‌క్రాఫ్ట్ బాల్యంలో అరేబియన్ నైట్స్ కథల మోజులో ఆడుకున్న పేరు అది. ఆయన రచనలలో పరజాతులపై ఏవగింపు కూడా దాచినా దాగదు. ఏ కూర్పు ఎంచుకున్నా ఆ పేరు మనకు ఎదురవుతుంది. నవ్వుకుని, తప్పు దిద్దుకుని, ముందుకు సాగవలసిందే. ఇంగ్లీషు పుస్తకానికి భయపడినవాడే ఆ పుస్తకంలోని తప్పును మాకు చూపించాడు.

కనుక ఈ ఆట ఆరంభించదలచిన విద్యార్థులకు నా మనవి. అందరూ కొత్తవారైతే ఉచిత సంక్షిప్త ప్రతి చాలును. ధనం కూడితే, 2018లో వచ్చిన ప్రారంభకుల పెట్టె కొనవచ్చును. అందులో పాచికలూ, ఒంటరిగా చదువుతూ నేర్చుకొనదగిన కథా ఉన్నాయి. 400 పుటలకు మించిన పెద్ద గ్రంథానికి తొందర లేదు. పాత కూర్పు ఇంట ఉంటే పారవేయవద్దు. దానిలోని లక్షణాల అంకెలను అయిదుతో హెచ్చవేస్తే పాత కథలు కొత్త నియమాలలో చక్కగా ఇముడుతాయి. అన్నిటికంటె ముందు, మీలో అందరికంటె మెల్లగా చదివే మిత్రుడు ఎవరో చూడండి. అతనికి అందే కూర్పే మీ కూర్పు.

ఈ కథంతా మామూజాన్‌కు ఫోనులో చెప్పి, ఆయన పుస్తకాన్ని పక్కన పెట్టినందుకు క్షమించమన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. “బేటా, ఆ పట్టిక నేనూ ఏనాడూ వాడలేదు. నోటికి వచ్చిన అంకె చెప్పేవాణ్ణి” అన్నారు.