వెంట్రుకంత కాలువలు: తమ్ముడికి లేఖలు

పాసడీనా, అక్టోబరు 7



క్షేమంగా చేరాను. ఎండ మన బెజవాడ ఎండే గానీ చెమట లేదు. నిన్న ఇక్కడి కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో తపాలా బిళ్ళంత రబ్బరు చిప్ చూపించారు. మైక్రోస్కోపు కింద పెడితే లోపల ఎరుపు, నీలం రంగునీళ్ళు నిండిన కాలువలు. కింది పొరలో ద్రవం నడుస్తుంది. పై పొరలోకి గాలి ఒత్తిడి పంపితే మధ్యనున్న పల్చటి రబ్బరు కిందికి వంగి దారి మూసేస్తుంది. అదే వాల్వు. 2000లో శాస్త్రవేత్త స్టీఫెన్ క్వేక్ బృందం దీన్ని ఇక్కడే చేసి చూపింది. 2002 నాటికి 20 గాలి గీతలతో 1024 కాలువల్లో కావలసినదాన్నే తెరిచే పద్ధతి కనిపెట్టారు. ఒక్కో కాలువకు సున్నాలు, ఒకట్లతో పదంకెల నంబరు. అంకెకు రెండేసి గీతలు. అంతే లెక్క!

స్టాన్‌ఫర్డ్, అక్టోబరు 10

లాస్ ఏంజెలెస్‌లో పొద్దున కోస్ట్ స్టార్‌లైట్ రైలెక్కితే రాత్రికి శాన్ హోసే. చాలాసేపు పట్టాలు సముద్రాన్ని ఒరుసుకునే పోయాయి.

ఇక్కడ చిప్ గీసేది నువ్వు ఉద్యోగంలో వాడే ఆటోకాడ్‌లోనే. ద్రవానికో లేయరు, గాలికో లేయరు. పాలీలైన్ మూసుకోకపోతే, అచ్చు తయారీకి వాడే మాస్క్ ముద్రణకు పనికిరాదు. గాలి గీత కాలువను దాటిన ప్రతిచోటా వాల్వు అయిపోకూడదు కదా, అందుకని వాల్వు కావలసిన చోటే వెడల్పుగా, ఊరికే దాటేచోట సన్నగా గీస్తారు.

అసలు చిక్కు రబ్బరుతో. మందంగా ఉండే పై పొరను వేడితో గట్టిపరిచి అచ్చు నుంచి ఊడదీస్తే సుమారు 1.5 శాతం ముడుచుకుంటుంది. పల్చటి కింది పొర అచ్చుకే అంటుకుని ఉంటుంది కనక ముడుచుకోదు. కాబట్టి మందపు పొర బొమ్మను ముందే అంత పెంచి ఇవ్వాలి. లేకపోతే 2 సెంటీమీటర్ల చిప్‌లో ఆ చివరికి 300 మైక్రాన్లు తప్పుతుంది. కాలువ వెడల్పే 100! తెర మీద మాత్రం అన్నీ చక్కగా కలిసే కనిపిస్తాయి.

బోస్టన్, అక్టోబరు 14

చలి మొదలైంది. అమ్మ బలవంతాన పెట్టిన స్వెటరే దిక్కు.

బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 3డీయూఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. వాల్వో మిక్సరో ఎంచుకుని కొలతలిస్తే బొమ్మ అదే వేస్తుంది. ఆ ఫైలుతో సీఎన్‌సీ యంత్రం పాలీకార్బొనేట్ పలకలో కాలువలు చెక్కుతుంది. అయితే చెక్కే బిట్ కంటే సన్నటి కాలువ ఎంత గీసినా రాదు. గీత గీయడం కంప్యూటర్ నేర్చుకుంది. కానీ రబ్బరు ఎంత ముడుచుకుంటుందో, బిట్ ఎంత లావో తెలిసిన మనిషే కొలతలివ్వాలి. నీ ఉద్యోగానికి ఢోకా లేదులే.

తీరిక చూసుకుని ఆ 3డీయూఎఫ్‌లో ఒక మిక్సర్ గీసి పంపు. ఆదివారం బయల్దేరుతున్నాను. నాన్నగారి బీపీ మాత్రలు నెలకు సరిపడా తెచ్చిపెట్టు.

మీ అక్క