గాజు దవడ జో, ఒక్క గెలుపు

మొన్న అప్రైజల్ సీజన్లో ఓ సాయంత్రం ఎక్సెల్ షీటు ముందేసుకుని కూర్చున్నా. టీములో పదకొండుమంది. బెల్ కర్వ్ పుణ్యమా అని ఒకరికి అట్టడుగు రేటింగ్ ఇచ్చి తీరాలి. పెద్దగా ఆలోచించకుండానే ఒక కుర్రాడి పేరు కొట్టేశా. కొడుతుంటే ఎందుకో గ్లాస్ జో గుర్తొచ్చాడు.

వాడెవడంటారా? 1987లో నింటెండో వాళ్ళు తెచ్చిన 'మైక్ టైసన్స్ పంచ్-అవుట్' బాక్సింగ్ గేములో మొట్టమొదటి ప్రత్యర్థి. చిత్తూరులో ఇంజనీరింగ్ వెలగబెడుతున్న రోజుల్లో, హాస్టల్లో ఒకడి కంప్యూటర్లో ఎమ్యులేటర్ వేసుకుని తెగ ఆడేవాళ్ళం. జోది పారిస్. వయసు 38, బరువు 110 పౌండ్లు, అంటే మనలెక్కలో 50 కిలోలు. రికార్డు: 1 గెలుపు, 99 ఓటములు! బాక్సింగులో ఒక్క దెబ్బకే పడిపోయేవాడిది 'గాజు దవడ' అంటారు, వెక్కిరింపు పేరులోనే ఉంది. మేం వాణ్ణి ఆవలిస్తూ పడగొట్టి, మన బొంబాయి నుంచి వచ్చే గ్రేట్ టైగర్ దాకా వెళ్ళి, అక్కడ తన్నులు తినేవాళ్ళం :)

మరి ఆ ఒక్క గెలుపు ఎవరి మీద? ఈ అనుమానం మాలో ఒక్కడికీ రాలేదు. 2009లో వీ కోసం మళ్ళీ తీసిన గేములో జవాబు చెప్పారు. నిక్ బ్రూజర్ మీదట! 1994 నాటి 'సూపర్ పంచ్-అవుట్'లో అందరికన్నా ఆఖర్న ఎదురయ్యే మొండిఘటం. పైగా 100వ ఓటమి తర్వాత డాక్టరు జోని హెడ్‌గేర్ పెట్టుకోమంటాడు. పెట్టుకుని మళ్ళీ రింగులోకే వస్తాడు గానీ ఇంటికి పోడు. ఇంకో తమాషా, ఆడేవాడు 100 సార్లు ఓడిపోతే వాడికీ ఓ హెడ్‌గేర్ ఇస్తారు.

మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళలో ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖర్న దుర్యోధన వధ, అగ్నిగుండం. చిన్నప్పుడు ఉత్తరకుమారుడు కౌరవసేనని చూసి రథం దూకి పారిపోతుంటే పడీపడీ నవ్వాను. పక్కనున్న అవ్వ "నవ్వతా ఉండావే, యుద్ధంలో మొదుటిరోజే ఆ శల్యుడి మీదికి పొయ్యి పానం ఇచ్చినోడు వాడే నాయినా" అంది. నిజమే. ఏనుగెక్కి శల్యుడి రథానికి కట్టిన గుర్రాలని కూల్చి, ఆయన విసిరిన ఆయుధానికి తను కూలిపోయాడు. మనకి మాత్రం ఉత్తరకుమార ప్రగల్భాలే గుర్తు.

షీటు పక్కన పెట్టి ఆ కుర్రాడి పాత టికెట్లు తిరగేశా. రెండేళ్ళ కిందట సీనియర్లం (నేనూ ఉన్నా) మూడు రోజులు తలలు బద్దలు కొట్టుకుని చేతులెత్తేసిన మెమొరీ లీక్ ఒకటుంది. పట్టుకున్నది వాడే.

పైవాళ్ళతో వాదించా. "ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నారు. రేటింగ్ మారలేదు. కామెంట్ల గడిలో మాత్రం ఆ లీక్ కథంతా తేదీతో సహా రాశా.

కుర్రాడు చదివి, "అన్నా, అది మీకింకా గుర్తుందా?" అన్నాడు.

లేదని చెప్పలేకపోయా.