సున్నం నేర్పిన పాఠం

పదార్థశాస్త్రంలో ఒక నిర్మాణలోపాన్ని గూర్చి నివేదిక వ్రాయవలసివచ్చినప్పుడు, 2019 మేలో చార్మినార్ మినారు నుండి రాలిపడిన గచ్చుపెళ్లను ఎన్నుకొన్నాను. "పాత సున్నం బలహీనం, సిమెంటు పూయవలెను" అని ఇంట కూర్చుండియే తీర్మానించాను.

తాపీపనిలో తల నెరసిన మా తాతగారు విని నవ్వారు. "సున్నం ఊపిరి పీల్చుకొంటుంది నాయనా! సిమెంటు దాని ముక్కు మూస్తుంది."

పుస్తకాలు తిరగవేశాను. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. లోని తేమను బయటికి వదలుతుంది. సిమెంటు పూత ఆ తేమను బంధించి పాతగోడను చెరుపుతుంది.

నివేదికనంతా తిరిగి వ్రాశాను. ఒకరోజు ఆలస్యానికి మార్కులు తగ్గాయి; విచారం లేదు. 1591 నాటి కట్టడానికి తీర్పు చెప్పేముందు, దానిని కట్టిన చేతుల విద్యను తెలుసుకోవలెనని గ్రహించాను.