చుక్కాని మీదికి నీరు

"చుక్కాని పెద్దది పెడదాం చిన్నాన్నా" అన్నాడు మా అన్న కొడుకు. రాజపాళయంలో ఐప్పసి నెల వానలకు చెరువులు నిండగానే వాడి రిమోట్ పడవ బయటికి వస్తుంది. రెండు మోటార్లు, రెండు ప్రొపెల్లర్లు, నడుమ ఒకటే చుక్కాని. వేగంగా పోతున్నంతసేపూ చక్కగా తిరుగుతుంది. గట్టు దగ్గర నెమ్మదిస్తే మాట వినదు.

పెద్ద చుక్కానితో తీరే చిక్కు కాదది. చుక్కాని తన మీదుగా పారే నీటిని పక్కకు మళ్ళిస్తుంది. ఆ తోపుకు పడవ వెనకభాగం రెండో పక్కకు జరుగుతుంది, ముక్కు తిరుగుతుంది. పడవ నెమ్మదించాక పారే నీరంటూ ఉంటే అది ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మేదే. నడుమ చుక్కాని రెండు కాలువల మధ్య మిట్టమడి లాంటిది: అటూ ఇటూ నీరు పోతుంది, దానికి మాత్రం అందదు. అందుకే దాన్ని తీసేసి, ఒక్కో ప్రొపెల్లర్‌కు సరిగ్గా వెనక ఒక్కో చిన్న చుక్కాని పెట్టించాను. పడవ గట్టు పక్కనే మలుపు తిరిగింది.

చుక్కాని ఆకు మొత్తం ఇరుసుకు వెనకే ఉంటే, దాన్ని తిప్పే చిన్న మోటారు సర్వో మీద భారం ఎక్కువ. ఆకులో అయిదో వంతు ఇరుసుకు ముందు ఉంచితే తేలిగ్గా కదులుతుంది. ఇక కోణం. చాలామంది చుక్కానిని వీలైనంత వంచుతారు. సుమారు 35 డిగ్రీలు దాటాక నీరు ఆకును అంటిపెట్టుకుని పారదు, చుక్కాని తిప్పడం మాని పడవను ఆపుతుంది. సర్వోను చుక్కానికి కలిపే కడ్డీల్లో లూజు సంగతి మాత్రం మా ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పి.ఎ.సి. రామస్వామి రాజా 1930లలో మిల్లు పెట్టిన ఊరిది. ఇరుసుకూ బుష్‌కూ మధ్య సందును వేలితో పసిగట్టే ఫిట్టర్లున్నారు. అలాంటి పెద్దాయనొకరు సర్వో చేతి రంధ్రం అరిగిందని చూడగానే చెప్పారు.

బాగుపడిందని కంటితో చూసి అనుకుంటే చాలదు, కొలవాలి. విశాఖపట్నంలో నౌకాదళ పరిశోధనశాల ఎన్.ఎస్.టి.ఎల్. పెద్ద కొలనులో నమూనా ఓడలను నడిపి చూసేది అందుకే. అసలు ఓడలకు 2002లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒక హద్దు పెట్టింది: చుక్కాని పూర్తిగా తిప్పితే ఓడ వచ్చిన దారికి ఎదురుదిక్కు పట్టేసరికి పక్కకు జరిగిన దూరం ఓడ పొడవుకు అయిదు రెట్లు మించకూడదు. ఈ లెక్క పిల్లవాడికి ఎంతో నచ్చింది. నీళ్ళ మీద రెండు థర్మకోల్ ముక్కలు లంగరేసి, వాటి నడుమ పడవను తిప్పి తానే కొలుస్తున్నాడు. అలా కొలిచే అలవాటు పడటమే నాకు అన్నిటికన్నా సంతోషం.

వెనక్కి నడపడం ఇంకా మిగిలింది. అప్పుడు ప్రొపెల్లర్ నీటిని ముందుకు తోస్తుంది కనుక చుక్కానులకు అందేది బహు తక్కువ. అందుకు ఒక మోటారును తగ్గించి రెండోదాన్ని పెంచే మిక్సింగ్ ట్రాన్స్‌మిటర్‌లోనే ఉంది. ఈ ఆదివారం అది పెడతాం.