ఫోల్డరుల తూకము

మా పాఠశాల కంప్యూటరులో డిస్కు నిండిపోయి, ఇక నొక్క ఫైలునకైనను చోటు లేదని తెలియగానే, పలువురి దృష్టి "వ్యాసములు" అను ఫోల్డరుపై బడెను. పూర్వ విద్యార్థుల తెలుగు రచనలు మూడువేలు అందుండెను. ఇన్ని ఫైళ్లున్నవి గనుక బరువంతయు దీనిదే యని వారి వాదము. వానికి వేరొక ప్రతి లేదు. తుడిచినచో మరల రావు. కావున తూచి చూడక తుడువరాదని మేము పట్టుబట్టితిమి.

వారి భ్రమకు గొంత కారణము లేకపోలేదు. విండోసులో ఫైలు ప్రక్కన దాని బరువు కానవచ్చును గాని, ఫోల్డరు ప్రక్కన నేమియు నుండదు. పెద్దదానికిని చిన్నదానికిని ఒక్కటే పసుపుపచ్చని బొమ్మ! మౌసు కుడిమీట నొక్కి ప్రాపర్టీసు తెరచినగాని నిజము తేలదు. యూనిక్సులో నిట్టి పనికి "డీయూ" అను రెండక్షరముల ఆజ్ఞ 1971 నాటి ప్రథమ ప్రతి నుండియు గలదు. అది లోపలి ఫోల్డరులన్నిటిలోనికిని దిగి మొత్తమును జెప్పును.

ప్రాపర్టీసులో రెండంకెలు కానవచ్చును: సైజు ఒకటి, డిస్కుపై సైజు వేరొకటి. ఈ భేదము మాకు మిక్కిలి వింతగా దోచెను. డిస్కు తన చోటును అరలుగా బంచి యిచ్చును. సాధారణముగా నొక్కొక్క అర 4096 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటికి 3 బైట్లు పట్టును. "తెలుగు" అను మాటకే, గుణింతపు గుర్తులతో గూడ, 18. చిన్న వ్యాసము 5000 బైట్లున్నచో దానికి రెండు అరలు, అనగా 8192 బైట్లు, విడువవలెను. మిగిలిన చోటు మఱియొక ఫైలునకు జెందదు. ఇట్లు ఉదారముగా లెక్కించినను మూడువేల వ్యాసములకు రెండున్నర కోట్ల బైట్లు మించలేదు.

పిమ్మట "క్రీడలు" తూచితిమి. ఒక్క కబడ్డీ పోటీ చలనచిత్రమే 200 కోట్ల బైట్లు! వ్యాసములన్నిటికి ఎనుబది రెట్లు. అదియు మూడు పేర్లతో మూడు చోట్ల నుండెను.

రెండు ప్రతులు తీసివేసినను ఖాళీ పెరుగకుండుట జూచి బాలురు తెల్లబోయిరి. అవి రీసైకిల్ బిన్నులో గూర్చున్నవి. అదియు డిస్కులోని భాగమే గదా. దానిని ఖాళీచేసిన వెంటనే 400 కోట్ల బైట్ల చోటు దొరకెను. (1 టెరాబైటు డిస్కు విండోసులో 931 గిగాబైట్లుగా జూపుచున్నదని అంగడివానిని నిందించినవారును మాలో గలరు. అతడు 1000 తో లెక్కించును, విండోసు 1024 తో లెక్కించును, మోసమేమియు లేదు.)

వ్యాసములకు ఇప్పుడు వేరు డిస్కులలో రెండు ప్రతులు తీయించితిమి. కబడ్డీ చిత్రము ఒక ప్రతి యట్లే యున్నది. చూడగోరువారు వచ్చి చూడవచ్చును.